పిల్లకి పద్దెనిమిది నిండేదాకా

మా ఊళ్ళో మిరప కోతలు మళ్ళీ మొదలయ్యాయి. పొద్దున్నే కూలి ఆడవాళ్ళ ట్రాలీ ఆటోలు మా వాకిలి ముందు నుంచే పొలాలకి పోతాయి. ఆ వేళకి నేను అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుని ఉంటాను. ఇదివరకు వాటిలో ఒక ఆటో మా గోడ దగ్గరికి రాగానే, వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఒకావిడ వీధంతా వినపడేలా అరిచేది.

"పెద్దయ్యా, ఏం రాశాడు ఇయ్యాళ?"

ఆటో ఆగదు. అది మా గోడ దాటేలోపు నేను ఒక వార్త ఏరి అరిచి చెప్పాలి. మలుపు తిరిగేలోపు ఆవిడ దానికి జవాబు విసరాలి. మా ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడిచిన ఆట ఇది.

"పత్తి రేటు పడిపోయిందంట!"

"మనం అమ్మాక పడిందా, అమ్మకముందే పడిందా?"

"మంత్రిగారు మన వైపు వస్తన్నాడంట!"

"అయితే గుంటల్లో మట్టన్నా పోస్తారు, ఆయన కారు దిగబడకుండా!"

ఆటోలో ఆడవాళ్ళంతా గొల్లుమనేవాళ్ళు. ఆ నవ్వు మలుపు అవతల నుంచి కూడా కాసేపు వినపడేది. ఈ ఏడు కూడా అదే ఆటో వస్తోంది, అదే డ్రైవరు. అడిగేవాళ్ళు లేరు. నేను మాత్రం అలవాటు చావక రోజూ ఒక వార్త ఏరి పెట్టుకుని కూర్చుంటున్నాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఆవిడ మనవరాలు ఎవరో తెలిసిపోతుంది. అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిణ్ణి అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు. మిరప కోసే కూలీల ముఠాకి పెద్ద. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. కోతకి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుంటారు, కాయ ఘాటు ఒంటికి తగలకుండా. మేస్త్రమ్మది గోధుమరంగు గళ్ళ చొక్కా. పని మొత్తం నోటితోనే నడిపించేది. ఎవరైనా సాలులో వెనకబడితే, "ఏమ్మే, కాయ కోస్తన్నావా, దానికి పేరు పెడతన్నావా?" అనేది. చెమట పట్టినా, కన్నీళ్ళు వచ్చినా చెయ్యి మొహం దాకా పోనిచ్చేది కాదు. మెడ వంచి భుజానికి తుడుచుకునేది. మిరపకాయ ముట్టిన చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో తెలిసినవాళ్ళందరూ అంతే. అయితే ఆవిడ ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతున్నప్పుడు కూడా అలాగే తుడుచుకునేది. ఆ రోజుల్లో ఎదురుపడితే, "వందనాలు పెద్దయ్యా. మీకు దేవుడు లేకపోయినా దేవుడికి మీరున్నార్లే," అని నవ్వుకుంటూ పోయేది. నేను గుడికీ పోను, చర్చికీ పోను.

నేను బడికి కూడా పోలేదు. పురుగుమందు డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఒక గట్టు తగాదాలో నా నడివయసంతా కోర్టు వరండాలో కూర్చుని, ప్లీడర్ల మాటలు వింటూ చట్టం నేర్చుకున్నాను. ఊళ్ళో ఎవరికి ఏ నోటీసు వచ్చినా నా అరుగు దగ్గరికే వస్తారు. మేస్త్రమ్మ నోటీసు పట్టుకుని రాలేదు. వేళ్ళు మడుచుకుంటూ వచ్చింది. అది చెప్పాలంటే ముందు కొంత చెప్పాలి.

ఆవిడకి ఒక్కతే కూతురు. పత్తి మిల్లులో పనిచేసేది. ఆ కూతుర్ని వరికోత మిషను డ్రైవరుకి ఇచ్చింది. వాణ్ణి ఎప్పుడూ పేరుతో అనలేదు, "అల్లుడుగారు" అనేది. మిల్లు నుంచి ఆలస్యంగా వచ్చిందని, ఎవరితోనో నవ్విందని, ఆ అల్లుడుగారు ఒక సాయంత్రం పెళ్ళాన్ని రోకలితో తల మీద కొట్టాడు. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే పోయింది. ఐదేళ్ళ మనవరాలు ఆ రోజు అమ్మమ్మ దగ్గరుంది కాబట్టి చూడలేదు. వాడు పట్టుబడినప్పటి నుంచీ జైల్లోనే ఉన్నాడు, బెయిలు రాలేదు.

మేస్త్రమ్మ ఆ తర్వాత కూడా "అల్లుడుగారు" అనడం మానలేదు. గోధుమరంగు గళ్ళ చొక్కా కూడా వాడిదే, పాతదని ఒకప్పుడు ఇచ్చాడట. ఎవరో, "ఇంకా వాడి చొక్కా తొడుక్కుంటావేంటే, సిగ్గులేదూ?" అన్నారు. "చొక్కా ఏం చేసిందమ్మా, అది ఆ రోజు నా దగ్గరే ఉంది," అంది.

క్రైస్తవుల ఇళ్ళలో మనిషి పోయిన కొన్నాళ్ళకి ఆదరణ కూడిక పెడతారు. షామియానా వేసి, పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకి భోజనం పెడతారు. కూతురి కూడికకి నన్నూ పిలిచింది, వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. ముందు వరసలో చూద్దును గదా, వాడి తరఫు పెద్దలు! చర్చి సంఘం పెద్దలే వెంటబెట్టుకుని వచ్చారు. పాస్టరుగారు కుర్రాడు, చెడ్డవాడేమీ కాదు. మెల్లిగా చెప్పాడు, "అమ్మా, కడుపులో పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. సంఘం ముందు ఒక్క మాట చెప్పమ్మా, నీ మనసు తేలికపడుతుంది." మేస్త్రమ్మ జన్మలో చర్చిలో ఆ బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తప్పించింది కాదు. లేచి మైకు పుచ్చుకుంది.

"నా వరకూ నేను అల్లుడుగారిని క్షమించానండి. కానీ..."

అంతే. ఎవరో "హల్లెలూయా!" అన్నారు. డోలక్ మోగింది, పాట ఎత్తుకున్నారు. ఆవిడ మైకు పట్టుకుని, నోరు తెరుచుకుని కాసేపు అలాగే నిలబడి, తర్వాత కూర్చుంది. ముందు వరసలో ఒకడు అదంతా ఫోనులో తీస్తూనే ఉన్నాడు. భోజనాలయ్యాక అడిగాను.

"కానీ అన్నావే, ఆ తర్వాతేంటి?"

"ఏముంది పెద్దయ్యా. నా వంతు నేను క్షమించా. నా కూతురి వంతు నా దగ్గర లేదుగా ఇవ్వటానికి. అది కోర్టోళ్ళు చూసుకోవాలి అందామనుకున్నా. ఈలోపు పాట అందుకున్నారు."

"మైకు నీ చేతిలోనే ఉందిగా, అనెయ్యకపోయావా?"

"దేవుడి పాట మధ్యలో ఎట్టా మాట్టాడతామండీ!"

మనవరాలికి ఏడేళ్ళు వచ్చాక జిల్లా కోర్టులో తీర్పు వచ్చింది. అప్పటికప్పుడు రేగిన గొడవలో కొట్టాడు, ముందే అనుకుని చెయ్యలేదు, కాబట్టి హత్య కింద రాదన్నారు. పదేళ్ళు వేశారు, లోపలున్న రెండేళ్ళూ అందులో కలిపి. ఆ సాయంత్రమే మేస్త్రమ్మ వేళ్ళు మడుచుకుంటూ మా అరుగు కిందకి వచ్చింది.

"పదేళ్ళంటే పిల్లకి పదిహేను వచ్చేసరికి ఆయన బయటికొస్తారు. ఆయన తండ్రి. వచ్చి పిల్లనిమ్మంటే నేనెట్టా ఆపను పెద్దయ్యా? ఇంకో మూడేళ్ళు పెంచమని అడగాలి. పద్దెనిమిది నిండితే అది ఎవరి దగ్గరుండాలో అదే చెప్పుకుద్ది. ఎవర్నడగాలి?"

నేనెంతమందినో చూశాను కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళని. ఉరి వెయ్యమనేవాళ్ళు, నరికేస్తామనేవాళ్ళు, డబ్బిప్పించమనేవాళ్ళు. పిల్ల వయసుతో కొలిచి శిక్ష అడిగిన మనిషిని మాత్రం ఈవిణ్ణే చూశాను.

ఇద్దరం బస్సెక్కి ప్రభుత్వ ప్లీడరు దగ్గరికి వెళ్ళాం. శిక్ష చాలదని అప్పీలు చెయ్యాలంటే సర్కారే చెయ్యాలట. చచ్చినవాళ్ళ తల్లి చెయ్యడానికి లేదట.

"చచ్చింది సర్కారు కూతురా, ఈవిడ కూతురా?" అన్నాను. నా గొంతు బల్లలన్నీ దాటి వినపడి ఉంటుంది.

"పెద్దాయనా, చట్టం నేను రాయలేదు. పైకి పంపిస్తాం, వాళ్ళు వద్దంటే నేనేం చెయ్యను?" అన్నాడాయన. పైకి పంపారో లేదో తెలీదు. గడువు మాత్రం దాటిపోయింది.

పై కోర్టులో ఒక ప్లీడరుని పట్టుకున్నాను. మిగతావాళ్ళలా తరిమెయ్యకుండా కూర్చోబెట్టి మాట్లాడాడు. తల్లి ఒక రకంగా అప్పీలు చెయ్యవచ్చట. శిక్ష చాలదని కాదు, ఇది అసలు హత్యే, దాన్ని చిన్న నేరం కింద తేల్చడం తప్పని. ఆలస్యాన్ని మన్నించమని కూడా అడగవచ్చట. మేస్త్రమ్మ బెంచీ చివర కూర్చుని అంతా విని అంది, "మాకు మూడేళ్ళు చాలండి."

ఆయన నవ్వాడు. "ఇక్కడ బేరం ఉండదమ్మా."

"బేరం కాదండి, పిల్ల వయసు."

"అర్థమైందమ్మా. కానీ హత్య అని తేలితే యావజ్జీవమే. మధ్యలో మూడేళ్ళు కలపడం నా చేతుల్లో లేదు."

"యావజ్జీవమంటే చచ్చేదాకానా?"

"అలాగే అనుకో."

ఆవిడ భుజానికి మొహం తుడుచుకుంది. మళ్ళీ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. నాకు విసుగొచ్చి, "ఆలోచిస్తావేంటి అమ్మాయ్, నీ కూతుర్ని రోకలితో కొట్టి చంపాడు!" అన్నాను.

"తెలుసు పెద్దయ్యా. అంతొద్దేమో అని. పిల్లకి పద్దెనిమిది నిండాక ఆయన బతుకు ఆయన్ని బతకమనండి." తర్వాత తనే అంది, "మూడేళ్ళు ఇవ్వటం రాదంటున్నారుగా, ఆ పెద్దదే అడగండి అయితే."

శిక్ష తగ్గించమని వాడు అప్పటికే అప్పీలు వేసుకున్నాడు. పిల్లకి పదకొండేళ్ళు వచ్చాక గానీ రెండూ కలిపి విచారణకి రాలేదు. ఆ నాలుగేళ్ళూ వార్తల ఆట కొంచెం మారింది. నేను చెప్పిన వార్తకి జవాబు విసిరాక, "మనది రాశాడా?" అని ఇంకో కేక వేసేది. "లేదు!" అనేవాణ్ణి. మలుపు తిరిగిపోయేది.

విచారణ రోజు ఇద్దరం వెనక నిలబడ్డాం. అంతా ఇంగ్లీషు. కూడబలుక్కునే నా ఇంగ్లీషుకి అందిందే అందింది. వాడి ప్లీడరు ఫోను చూపించి, చచ్చినామె సొంత తల్లే సంఘం ముందు క్షమించిందని చెప్పాడు. వీడియో "క్షమించానండి" దగ్గర ఆగిపోయిందట, "కానీ" కూడా లేదట. మా ప్లీడరు లేచి, క్షమాపణ వేరు, శిక్ష వేరు అని చెప్పాడు, పాపం, బాగానే చెప్పాడు. అప్పుడు అవతలివాడు ఇంకొకటి అన్నాడు. అది నాకు బాగానే అర్థమైంది. ఈ ముద్దాయికి తల్లిలేని ఆడపిల్ల ఉంది. అమ్మమ్మ ముసలిది, కూలి చేసుకునేది. ఆ పిల్లకి తండ్రి అండ కావాలి.

తల్లిలేనిదాన్ని చేసిందెవడ్రా అని అరుద్దామనుకున్నాను. మేస్త్రమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఏమంటన్నాడు పెద్దయ్యా?" అని చెవిలో అడిగింది. బయటికి వెళ్ళాక చెప్తానన్నాను. బయటికి వచ్చాక ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున పేపరు విప్పాను. లోపలి పేజీలో, అడుగున, నాలుగు లైన్లు. ఎప్పటిలాగే ఆటో వచ్చింది.

"పెద్దయ్యా, ఏం రాశాడు ఇయ్యాళ?"

నేను ఏమీ అరవలేదు. లేచి అరుగు దిగాను. పేపరు పట్టుకుని ఆ ఆటో వెంట నడిచాను. ఆ వయసులో అది నడకంటే నడక, పరుగంటే పరుగు. మలుపు దగ్గర ఆటో ఆగింది. అన్నేళ్ళలో అది ఆగడం అదే మొదలు. చదివాను. భార్య మృతి కేసులో తల్లి అప్పీలు కొట్టివేత. భర్తకి శిక్ష ఏడేళ్ళకి తగ్గింపు. కుమార్తె సంరక్షణ దృష్ట్యా.

"సంరక్షణ అంటే?"

"పిల్లని చూసుకోవాలని."

"ఎవరు?"

"వాడే."

మేస్త్రమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు వినలేకపోయాను. నవ్వి నవ్వి దగ్గు తెర పట్టుకుంది. పక్కనున్న ఆడమనిషి వీపు రాసింది. దగ్గు ఆగాక భుజానికి కళ్ళు తుడుచుకుని అంది, "నేను పిల్ల కోసం పెంచమంటిని. ఆయన పిల్ల కోసం తగ్గించమనె. పిల్లనెవరూ అడగరేందయ్యా?" తర్వాత డ్రైవరుతో, "పోనీరా అబ్బాయ్, కాయ మీద ఎండ పడుద్ది," అంది.

ఆ రోజు నుంచి ఆటో మా గోడ దగ్గరికి వచ్చినా మేస్త్రమ్మ వార్త అడగలేదు. నా వైపు చూసి చెయ్యి మాత్రం ఎత్తేది.

ఏడాది తిరక్కముందే వాడు బయటికి వచ్చాడు. పిల్ల కోసం వెంటనే రాలేదు, ఎక్కడో మిషను మీద పనికి కుదిరాడన్నారు. మేస్త్రమ్మ మనవరాల్ని హాస్టల్లో వేసింది. సెలవులకి పిల్ల వస్తే తలుపు లోపల గడియ పెట్టుకుని పడుకునేవాళ్ళిద్దరూ. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు ఒకటుందంటే అక్కడికీ తీసుకుపోయాను. తండ్రి వచ్చి గొడవ చేస్తే అప్పుడు రమ్మన్నారు. గొడవ అయ్యాకే రమ్మంటున్నారని నేను ఎగిరాను. మేస్త్రమ్మ అక్కడి మేడమ్ గారికి వందనాలు చెప్పి, నన్ను బయటికి నడిపించుకొచ్చింది.

దగ్గు తగ్గలేదు. కల్లంలో ఎండిన కాయ తిరగేస్తుంటే, ఆ దుమ్ములో, ఒక మధ్యాహ్నం కూలబడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తిరిగి రాలేదు. పిల్లకి పదమూడేళ్ళు.

ఆవిడ ఆదరణ కూడికకి మళ్ళీ అదే షామియానా, అదే డోలక్. వాడు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతులు కట్టుకుని, వెనక నిలబడ్డాడు. నా వైపు చూసి, "నమస్కారమండీ," అన్నాడు కూడా. పాస్టరుగారు మాట్లాడాడు. తన సొంత కూతురి విషయంలో కూడా క్షమించిన తల్లి, మనందరికీ మాదిరి అన్నాడు. జనం తలలూపారు. ఇంకెవరైనా నాలుగు మాటలు చెప్తారా అన్నారు. లేచాను.

"ఆవిడ చెప్పింది సగమే మీరంతా విన్నారు. మిగతా సగం నేను చెప్తాను. ఆవిడ తన వంతు క్షమించింది. కూతురి వంతు తన దగ్గర లేదంది. పిల్లకి పద్దెనిమిది నిండేదాకా వాణ్ణి లోపలుంచమని కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ తిరుగుడులోనే..."

"తాతగారూ, కూర్చోండి, ప్లీజ్," అన్నారెవరో. పాట ఎత్తుకున్నారు. నాకు దేవుడి పాట అడ్డం కాదు, ఆపకుండా చెప్పాను. వేళ్ళు మడిచి చూపించి మరీ చెప్పాను. మైకు తీసేసుకున్నారు. డోలక్ ముందు ఎనభై ఏళ్ళ గొంతు ఎంత? నా పక్క కుర్చీవాడికి కూడా వినపడి ఉండదు.

భోజనాలయ్యాక చూస్తే, పిల్ల సంచి సర్దుకుని బయట నిలబడి ఉంది. మేస్త్రమ్మ చెల్లెలు ఉంది గానీ, ఆవిడ గోడవైపు తిరిగి గిన్నెలు తోముతోంది, ఇటు చూడదు. సంఘం పెద్దలు, "తండ్రేగదండీ, మారాడు," అంటున్నారు. వాడు మోటారు సైకిలు తిప్పి పెట్టాడు. పిల్ల ఎక్కి కూర్చుంది. గబగబా దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, దిగు. మా ఇంటికి రా. మా కోడలు ఏమీ అనదు. అక్కడి నుంచే చదువుకుందువుగాని. వీళ్ళ సంగతి నేను చూసుకుంటాను, మళ్ళీ కోర్టుకి పోదాం."

వాడు బండి స్టార్టు చేశాడు.

పిల్ల ఏడవడం లేదు. మెడ వంచి, భుజానికి మొహం తుడుచుకుంది. ఒడిలో సంచి మీదున్న చెయ్యి చూసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. చెయ్యి మొత్తం మూసుకుంది. అప్పుడు తలెత్తి నన్ను పైనుంచి కిందకి చూసింది, నా తెల్లజుట్టు, నా చేతికర్ర, అన్నీ.

"ఐదేళ్ళుంటారా తాతా, మీరు?" అంది.

బండి కదిలింది. ఆ వీధి చివర కూడా ఒక మలుపుంది. అది తిరిగేలోపు నేను అరిచి చెప్పాలి.